జర్మన్ బ్యాచ్‌ని తీసుకెళ్లాలంటే బెర్లినా, మార్బుర్గా?

సమ్మర్ దగ్గరపడితే చాలు ఇదే ప్రశ్న, సార్ జర్మన్ నేర్చుకునే పిల్లల్ని బెర్లిన్ తీసుకెళ్తే మేలా లేక మార్బుర్గ్ లాంటి చిన్న ఊరా అని. పేరెంట్సూ అడుగుతారు, జర్మన్ చెప్పే తోటి టీచర్లూ అడుగుతారు. రెండుచోట్లకీ బ్యాచ్‌ని వేసుకుని వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్తున్నా.

చూడ్డానికైతే బెర్లినే, డౌటే లేదు. బెర్నావర్ స్ట్రాసె అనే వీధిలో మిగిల్చిన బెర్లిన్ గోడ ముందు నిలబెడితే నేను క్లాసులో గంటసేపు చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది వాళ్లకి. రైష్‌టాగ్ (పార్లమెంటు భవనం) అద్దాల డోమ్ ఎక్కడం ఫ్రీ, కాకపోతే పేర్లు ముందే రిజిస్టర్ చేయాలి. వెజ్ తినేవాళ్లకీ ఇబ్బంది లేదు.

కానీ మనం వెళ్లేది వాళ్లచేత మాట్లాడించడానికి కదండీ. బెర్లిన్‌లో మావాడొకడు కాఫీ అడగడానికి వాక్యం కూడబలుక్కుని, డేటివా అక్యూజేటివా (జర్మన్ విభక్తులు లెండి) తేల్చుకుని నోరు తెరిచేలోపే కౌంటర్లో అమ్మాయి ఇంగ్లిష్‌లోకి దిగిపోయింది, ఇంకో కేఫ్‌లో అయితే వెయిటర్‌కి అసలు జర్మనే రాదు. 2017లో యెన్స్ స్పాన్ అనే నాయకుడు (తర్వాత హెల్త్ మినిస్టర్ అయ్యాడు) ఇదే విషయం మీద బహిరంగంగానే విసుక్కున్నాడు, ఇక బీ1 (మధ్యస్థ స్థాయి జర్మన్) పిల్లల సంగతి చెప్పాలా. మూడో రోజుకల్లా బయట ఇంగ్లిష్, హాస్టల్ రూములో తెలుగు.

మార్బుర్గ్‌లో ఇంగ్లిష్ రానివాళ్లుంటారని కాదు, 1527లో పెట్టిన యూనివర్సిటీ ఉన్న ఊరు, కుర్రాళ్లందరికీ వచ్చు. కానీ మనం జర్మన్‌లో మొదలుపెడితే వాళ్లూ జర్మన్‌లోనే సాగిస్తారు. బేకరీలో ఒక పెద్దావిడ వెనక క్యూ ఉన్నా మా అమ్మాయి 'బ్రోట్‌షెన్' (చిన్న బ్రెడ్ రోల్) అని సరిగ్గా పలికేదాకా ఓపిగ్గా నిలబడింది. పిల్లల్ని ఇద్దరిద్దరిగా అక్కడివాళ్ల ఇళ్లలో పెట్టాం కాబట్టి రాత్రి భోజనం దగ్గర కూడా తప్పించుకునే దారి లేదు. ఆ భోజనం చల్లటి బ్రెడ్డు, చీజూ అనుకోండి, రెండో రోజే ఫోన్లు మొదలయ్యాయి. పొడులు, ఆవకాయ తీసుకెళ్లండి కానీ నెయ్యి వద్దు, బయటిదేశాల పాల పదార్థాల్ని ఈయూ (యూరోపియన్ యూనియన్) లోకి రానివ్వరు.

తీసుకెళ్లేవాడికి కూడా చిన్న ఊరే సుఖం, ఎవడు తప్పిపోయినా కొండ దిగితే లాన్ నది దగ్గర దొరుకుతాడు. బెర్లిన్ మెట్రోలో ఒకడు టికెట్ మీద స్టాంప్ కొట్టడం మర్చిపోతే 60 యూరోలు ఫైన్ కట్టాను, మామూలు బట్టల్లో ఉన్నవాడు చెకింగ్ ఆఫీసరని ఎవరికి తెలుస్తుంది. మార్బుర్గ్‌లో కష్టమల్లా ఆదివారాలే, షాపులన్నీ మూత, పిల్లలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు.

వియన్నా బాగుంటుంది గానీ బ్రోట్‌షెన్ అక్కడ 'జెమ్మెల్' అయిపోతుంది, రెండోసారి వెళ్లే బ్యాచ్‌కి చూడొచ్చు. జ్యూరిక్ వద్దు, ఖర్చూ ఎక్కువ, వీధిలో వినిపించే స్విస్ జర్మన్ నాకే సగం అర్థం కాదు.

ఈసారి నేను హైదరాబాద్ నుంచి డైరెక్ట్‌గా ఫ్రాంక్‌ఫర్ట్ దిగి, ట్రైన్లో మార్బుర్గ్ పోయి పది రోజులుండి, చివరి మూడు రోజులే బెర్లిన్ పెట్టా. ముందు బెర్లిన్ పెడితే ఇంగ్లిష్‌కి అలవాటైపోయి మార్బుర్గ్ బేకరీలో కూడా అదే మొదలెడతారు.