ఆవిరి బండి అని చెప్పి డీజిల్ ఎక్కించారు: కాంచనబురిలో రెండు రోజులు

మనిషికి 1,950 బాత్‌లు, నలుగురికి 7,800. థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో నది ఒడ్డు రోడ్డు మీద ఓ ట్రావెల్ ఏజెంటు దుకాణం. ముందు బోర్డు మీద పొగ కక్కుతున్న నల్ల ఇంజిన్ బొమ్మ, దాని కింద ‘డెత్ రైల్వే మీద ఆవిరి బండి’ అని రాత. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం యుద్ధ ఖైదీలతో, కూలీలతో కట్టించిన లైను అది, వేలమంది ప్రాణాలు తీసింది కాబట్టి ఆ పేరు. ఇదే ఇంజినా అని రెండుసార్లు అడిగాం, ఇదేనన్నాడు. నవంబరు చివర్లో క్వాయ్ నది వంతెన దగ్గర జరిగే ఉత్సవానికి నిజంగానే ఆవిరి ఇంజిన్ తెస్తుంటారు కాబట్టి నమ్మాం. మర్నాడు వ్యానులో తీసుకెళ్ళి థామ్ క్రసే హాల్టులో దింపారు. కొండ మలుపు తిరిగి వచ్చింది రోజూ తిరిగే డీజిల్ ప్యాసింజరు. ఆ బండికి స్టేషన్లో విదేశీయుడి టికెట్ 100 బాత్‌లు. మిగతా 1,850 వ్యానుకు, చల్లారిన ఫ్రైడ్ రైస్ పొట్లానికి, ఓ నీళ్ళ సీసాకి. బావగారు ఆ పొట్లం విప్పను కూడా లేదు.

కాబట్టి ముందే చెబుతున్నా: ఈ లైను మీద మామూలు రోజుల్లో ఆవిరి బండి లేదు. ఎవరైనా ఉందంటే డబ్బు తియ్యకండి. ఆవిరి ఇంజిన్లు చూడాలంటే రెండు చోట్లు: వంతెన దగ్గర నిలబెట్టినవి, బ్యాంకాక్‌లో థోన్‌బురి షెడ్డులో బతికున్నవి. లైను చూడాలంటే సొంతంగా టికెట్ కొనుక్కుని ఎక్కడమే. థోన్‌బురి నుంచి పొద్దున ఎనిమిది కావస్తుండగా ఒకటి, మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఒకటి బయల్దేరతాయి. బ్యాంకాక్‌లో పెద్ద స్టేషన్లకు వెళ్ళి వెతక్కండి, ఇవి అక్కణ్ణుంచి కదలవు. నది పడమటి గట్టున, సిరిరాజ్ ఆసుపత్రి వెనక మార్కెట్ పక్కనున్న చిన్న స్టేషన్ ఇది. ఏసీ ఉండదు, చెక్క సీట్లు, కిటికీలు తెరిచే ఉంటాయి. ధర్మవరం-పాకాల లైను మీటర్ గేజ్‌గా ఉన్నప్పుడు తిరిగినవాళ్ళకి ఆ ఊపు వెంటనే గుర్తొస్తుంది. గేజ్, అంటే పట్టాల మధ్య దూరం కూడా అదే, 1,000 మిల్లీమీటర్లు.

వంతెన స్టేషన్ దగ్గరి ప్రదర్శనకి టికెట్ లేదు, గేటు లేదు. అక్కడి గైడ్లు మాత్రం ప్రతి ఇంజిన్నూ చూపించి ‘డెత్ రైల్వే ఇంజిన్’ అనేస్తారు. అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగేది ఓ పొడవాటి వింత ఆకారం దగ్గర, నంబరు 457. మధ్యలో బాయిలరు, దానికి ముందొకటి వెనకొకటి విడి విడి చక్రాల బళ్ళు. అది గారట్ రకం, జర్మనీలో హెన్షెల్ కంపెనీ కట్టింది. యుద్ధానికి ముందే సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రైల్వే కొనుక్కున్న ఎనిమిదింటిలో మిగిలిన ఒకే ఒక్కటి. అపురూపమైనదే, కాదనను. కానీ జపాన్ సైన్యం తెచ్చింది అది కాదు. సైన్యం తెచ్చినది పక్కనున్న చిన్నది, 719 నంబరు. దాని ముందు ఎవరూ నిలబడరు. దాని అసలు పేరు సీ56 23, అంటే సీ56 అనే జపాన్ రకంలో 23వ నంబరుది.

ఇంజిన్ ఏదో తెలుసుకోవడానికి గైడు అక్కర్లేదు, చక్రాలు లెక్కపెట్టుకుంటే చాలు. ముందు ఒక చిన్న ఇరుసు, తర్వాత మూడు పెద్ద ఇరుసులు, వెనక ఏమీ లేకపోతే అది సీ56. టెండరు, అంటే ఇంజిన్ వెనక బొగ్గూ నీళ్ళూ మోసే బండి, అది కూడా చూడండి. పై భాగం రెండు పక్కలా లోపలికి కోసేసినట్టు ఉంటుంది. వెనక్కి నడిపేటప్పుడు డ్రైవరుకు పట్టాలు కనబడాలని అలా చేశారు. జపాన్‌లో 1935లో పల్లె లైన్ల కోసం పుట్టిన ఇంజిన్ ఇది. చివరి స్టేషన్లో ఇంజిన్ తిప్పే టర్న్‌టేబుల్ ఉండదు కాబట్టి వచ్చిన దారినే వెనక్కి నడవాలి. ఆ గుణమే అడవిలో సైన్యానికి పనికొచ్చింది. రెండో గుణం బరువు. ఇరుసుకు పదిన్నర టన్నుల చిల్లర మాత్రమే. మలయా తూర్పు తీరపు లైను నుంచి, బర్మా నుంచి పీక్కొచ్చిన పట్టాలు, అప్పుడే నరికిన పచ్చి కలప స్లీపర్లు, వానకు జారే మట్టికట్ట. ఇంతకంటే బరువైన ఇంజిన్ ఆ లైను మీద నిలిచేది కాదు.

కట్టిన 160లో మొదటి 90, అంటే సీ56 1 నుంచి 90 దాకా, 1941-42ల్లో ఓడలెక్కాయి. జపాన్ గేజ్ 1,067, ఇక్కడ 1,000. తేడా 67 మిల్లీమీటర్లు, ఒక్కో పక్క 33.5. వినడానికి చిన్నదే, కానీ చక్రం లోపలికి జరిగితే దాన్ని పట్టే బ్రేకు దిమ్మ కూడా జరగాలి, దాన్ని మోసే కడ్డీ జరగాలి. బొగ్గు కోసం చేసిన పొయ్యిలో ఇక్కడ కట్టెలు పెట్టారు. కిలోకు కిలో చూస్తే కట్టెల వేడి బొగ్గులో సగమో అంతకంటే తక్కువో, పైగా చోటు చాలా ఎక్కువ పడుతుంది. అంటే టెండరు నిండా పేర్చినా త్వరగా అయిపోతుంది, దారిపొడవునా కట్టెల గుట్టలు ఉంచుకోవాలి. పొగగొట్టం నుంచి నిప్పురవ్వలు, కింద చెక్క వంతెనలు. ఆ సంగతి తెలిసి థామ్ క్రసే చెక్క వంతెన మీద నిలబడితే కాళ్ళ కింది దూలాలు వేరేగా కనిపిస్తాయి.

మొత్తం లైను 415 కిలోమీటర్లు, బాన్ పోంగ్ దగ్గర నాంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలో తన్‌బ్యుజయత్ దాకా. 1942 నడిమిలో మొదలుపెట్టి 1943 అక్టోబరులో పూర్తి చేశారు. అక్టోబరు 25న కొంకొయితాలో జరిగిన ప్రారంభోత్సవంలో నిలబెట్టిన ఇంజిన్ సీ56 31. అది ఇప్పుడు టోక్యోలో యాసుకుని ఆలయం పక్కన యూషూకాన్ మ్యూజియం ముందు హాల్లో ఉంది. ఆ హాలు వరకు టికెట్ అక్కర్లేదు, జపాన్ వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఓడిన సైన్యం వెళ్ళిపోయింది, ఇంజిన్లు ఉండిపోయాయి. థాయ్ రైల్వేకి 46 సీ56లు దక్కాయి, 701 నుంచి 746 వరకు నంబర్లు వేసుకున్నారు. అదే కాలంలో గెలిచినవాళ్ళ ఇంజిన్లూ వచ్చాయి. అమెరికా సైన్యం కోసం కట్టిన మీటర్ గేజ్ మెకార్థర్లు, 68. ముందొక చిన్న ఇరుసు, నాలుగు పెద్దవి, వెనకొక చిన్నది. ఇరుసుకు 9 టన్నులే, సీ56 కన్నా తేలిక. కానీ నాలుగు ఇరుసుల మీద నొక్కుతుంది కాబట్టి పట్టు ఎక్కువ. చక్రాలు కూడా చిన్నవి, 1,400 మిల్లీమీటర్లకు బదులు 1,219. వేగం తక్కువ, గూడ్సుకి లాగుడు బాగుంటుంది. ఇదే ఇంజిన్‌కు మన దేశంలో పేరు ఎం.ఏ.డబ్ల్యూ.డి. 1944 మార్చి 1 నుంచి బెంగాల్-అస్సాం లైను నడకను అమెరికా సైనిక రైల్వే దళం చేతిలోకి తీసుకుంది, బర్మా యుద్ధానికి సరుకు చేర్చాలి కదా. అంటే బర్మాకు ఆ వైపు ఒక సైన్యం ఇంజిన్, ఈ వైపు ఇంకో సైన్యం ఇంజిన్. యుద్ధం అయ్యాక రెండూ ఒకే థాయ్ రైల్వేలో చాకిరీ చేశాయి. ఈ మాట వంతెన దగ్గర ఏ బోర్డు మీదా కనబడలేదు. నా కోపంలో సగం అందుకే.

వంతెన గురించి రెండు ముక్కలు. ఉక్కు జావా నుంచి తెచ్చింది. గుండ్రటి వంపుతో ఉన్న కమానులు అసలువి. మధ్యలో మూలలు తేలిన రెండూ 1945లో బాంబులకు కూలిన మూడింటి చోట యుద్ధం తర్వాత పెట్టినవి. కింద పారేది అప్పట్లో మే క్లోంగ్ నది. 1957లో ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమా వచ్చాక జనం క్వాయ్ ఎక్కడ, క్వాయ్ ఎక్కడ అని అడుగుతుంటే నదికే పేరు మార్చేశారు. నడిచి దాటొచ్చు, డబ్బు లేదు. పొద్దున 8 లోపు వెళ్ళండి, ఆ తర్వాత బస్సులు దిగుతాయి.

రైలు ప్రయాణానికి మా రెండో రోజు పద్ధతి మంచిది. కాంచనబురిలో ఉదయం 6 దాటగానే నామ్ తోక్ వెళ్ళే బండి ఎక్కండి. వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కూర్చోవాలి. నది అటే, కుడి వైపు కిటికీకి రాతి గోడ తప్ప ఏమీ కనబడదు. థామ్ క్రసే దగ్గర కొండ అంచునే చెక్క దూలాల మీద బండి నడక వేగానికి తగ్గుతుంది. తల బయట పెట్టకండి, కొన్ని చోట్ల రాయి చెయ్యెత్తు దూరంలోనే ఉంటుంది. ఎనిమిదిన్నర లోపు నామ్ తోక్‌లో దిగుతారు. ఆ మాటకు అర్థమే జలపాతం. లైను అక్కడితో సరి, అవతలి పట్టాలు యుద్ధం తర్వాత పీకేశారు. అక్కణ్ణుంచి పెద్ద రోడ్డు మీదికి వచ్చి థోంగ్ ఫా ఫూమ్ వైపు వెళ్ళే బస్సు పట్టుకుంటే దాదాపు 18 కిలోమీటర్లలో హెల్‌ఫైర్ పాస్. ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే మ్యూజియం, ప్రవేశం ఉచితం, మేం చూసినవాటిలో అన్నిటికంటే శుభ్రమైనది, నిజాయితీ గలది. రాతిని తొలిచిన కందకంలో 25 మీటర్ల లోతు దాకా దిగి నడవొచ్చు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనే ఆగడం మేలు. మా అక్కయ్య పైనే ఉండిపోయి కాఫీ తాగింది, ఆమెకే ఆ రోజు హాయిగా గడిచింది. తిరుగు బండ్లు నామ్ తోక్ నుంచి మధ్యాహ్నం 1 ప్రాంతంలో ఒకటి, మూడున్నరకు ఒకటి. స్టేషన్లో దిగగానే బోర్డు చూసి సరిచూసుకోండి. ఒంటిగంట బండి కోసం పరుగెత్తితే పాస్‌లో ఎక్కువ సేపు మిగలదు, మూడున్నర బండే నయం.

బస విషయంలో తప్పు మాదే. నది మీద తేలే తెప్ప గది, రాత్రికి 700 బాత్‌లు. ఫోటోలో స్వర్గంలా ఉంది, పైగా శనివారం. బ్యాంకాక్ జనం అద్దెకు తీసుకునే పాటల తెప్పలు రాత్రి పొద్దుపోయేదాకా నది పొడవునా తిరుగుతాయి. ఒక్కోటి మన పక్కగా వెళ్ళినప్పుడు స్పీకరు మోతకు గది నేల వణుకుతుంది. మధ్యలో అలకు మంచం ఊగుతుంది. దోమతెరకు చిరుగు. ఫిర్యాదు చేస్తే చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చారు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శని, ఆదివారాలు తెప్ప గది వద్దు. రైల్వే స్టేషన్ వైపు ఓ మామూలు ఫ్యాన్ గది 450కి దొరికింది, రెండో రాత్రి చచ్చినట్టు నిద్రపోయాం.

శాకాహారులకు ఒక్క మాట చాలు: ‘జే’. పసుపు మీద ఎర్ర అక్షరాలతో ఆ గుర్తున్న చోట చేపల సాసు కూడా వెయ్యరు. మార్కెట్ దగ్గర అలాంటి బండి మీద అన్నం, రెండు కూరలు 40 బాత్‌లు. 7,800 పోసిన పొట్లాల కన్నా ఎంతో రుచి.

స్టేషన్ దగ్గరి యుద్ధ శ్మశానం, దాని పక్కనే ఉన్న థాయ్-బర్మా రైల్వే మ్యూజియం రెండూ చూడండి. రెండో దానికి టికెట్ ఉంది, తీసుకోవడం దండగ కాదు. లైను ఎలా కట్టారో వంతెన దగ్గరి గైడ్లందరికంటే బాగా అక్కడ అర్థమవుతుంది. శ్మశానంలో దాదాపు 7 వేల మంది సైనికుల సమాధులు, ఒక్కొక్కరికి పేరుతో పలక. మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు చనిపోయారు, అలాంటి పలకల వరస వాళ్ళకు లేదు. మలయా రబ్బరు తోటల నుంచి వచ్చినవాళ్ళలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఊళ్ళోనే వాట్ థావోర్న్ వరారాం అనే గుడిలో కూలీల అస్థికలున్న స్మారకం ఉంది. ఏ ప్యాకేజీలోనూ అది లేదు. స్టేషన్ నుంచి నడిచే దూరమే.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం బండికి థోన్‌బురి చేరితే షెడ్డు చూడటానికి వెలుతురు చాలదు. అందుకే వెళ్ళే రోజే పొద్దున 6.30కల్లా స్టేషన్‌కు రండి. షెడ్డు స్టేషన్‌కు ఆనుకునే ఉంది. లోపల పనిచేస్తున్నవాళ్ళకి నమస్కారం పెట్టి, చేత్తో ఇంజిన్ వైపు చూపించి అడిగితే మాకు అడ్డు చెప్పలేదు. పట్టాలు దాటేటప్పుడు చూసుకోండి, నూనె జారుతుంది, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. నడిచే స్థితిలో ఉన్నవి ఐదు: 713, 715, 824, 850, 953. రైల్వే పుట్టినరోజు మార్చి 26, చులాలంకర్ణ రాజు స్మృతి దినం అక్టోబరు 23, డిసెంబరు 5 లాంటి రోజుల్లో బ్యాంకాక్ నుంచి నడిపే ప్రత్యేక ఆవిరి బండికి మామూలుగా కట్టేది 824, 850ల జంటను. అవి జపాన్‌వే కానీ యుద్ధం తర్వాత కొన్నవి. ముందు రెండు చిన్న ఇరుసులు, మూడు పెద్దవి, వెనక ఒకటి. 953 కూడా యుద్ధం తర్వాతదే. చక్రాల లెక్కలో అది మెకార్థర్‌లా కనిపించి మోసం చేస్తుంది, నంబరు చూసుకోండి. యుద్ధంలో ఓడెక్కి వచ్చినవి 713, 715 రెండే. జపాన్ నంబర్లు సీ56 15, 17. మేం వెళ్ళినప్పుడు 715 షెడ్డు లోపల చీకట్లో ఉంది. మంచి ఫోటో పడాలంటే 713 బయట ఉన్న రోజు దొరకాలి.