ఉచిత అనువాద సేవలు: ‘యూ’ దగ్గరే అసలు పరీక్ష

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదించే ఉచిత ఆన్‌లైన్ సేవలు వార్తలు, సమాచార వ్యాసాల వరకూ బాగానే పనికొస్తున్నాయి. సబ్‌టైటిళ్లు, ఉత్తరాలు, కథల్లో సంభాషణలు మాత్రం వీటికి అప్పగించి ఊరుకోకూడదు. ‘నువ్వు’, ‘మీరు’ రెంటికీ ఇంగ్లిష్‌లో ఉన్న ఒకే మాట ‘యూ’ (you) దగ్గర ఇవి నిలకడగా ఉండవు.

ఎదుట ఉన్నది ఒకరా పలువురా, ఎంత గౌరవం ఇవ్వాలి అనే సమాచారం మూలంలోనే లేకపోవడం దీనికి కారణం. ఇంగ్లిష్‌లో ఒకప్పుడు ఒకరైతే ‘దౌ’, పలువురైతే ‘యీ’. కర్మస్థానంలో, అంటే ‘నిన్ను’, ‘మిమ్మల్ని’ అనే చోట, ‘దీ’, ‘యూ’. గౌరవం కోసం ఒక్కరినీ బహువచనంలో పిలవడం పెరిగి, 17వ శతాబ్దం ముగిసేసరికి ప్రామాణిక వాడుకలో ‘దౌ’ దాదాపు పోయింది. ఎదుట ఒక్కరే ఉన్నా ‘యూ’ పక్కన ‘ఆర్’ రావడం ఆ బహువచనపు ఆనవాలే. ఇప్పుడు తేడా విస్పష్టంగా కనిపించేది ‘యువర్‌సెల్ఫ్’, ‘యువర్‌సెల్వ్స్’ జంటలోనే.

తెలుగుకు ఎందరు, ఎంత గౌరవం అనే రెండూ కావాలి. పైగా సర్వనామంతో పాటు క్రియా మారాలి: వస్తావు, వస్తారు; రా, రండి. వాక్యాన్ని విడివిడిగా చూసే సేవ ఒక వాక్యంలో ‘నువ్వు’, పక్క వాక్యంలో ‘మీరు’ రాస్తుంది. తల్లి చంటివాణ్ణి ‘పళ్లు తోముకున్నారా’ అని అడుగుతుంది! హిందీ నుంచి తెలుగుకు మధ్యలో ఇంగ్లిష్ మీదుగా వెళ్తే, గౌరవాన్ని బట్టి మారే హిందీ ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ తేడా దారిలోనే పోతుంది.

మూలంలో ‘ఆల్ ఆఫ్ యూ’, ‘బోత్ ఆఫ్ యూ’ అని చేరిస్తే ‘మీరందరూ’, ‘మీరిద్దరూ’ వచ్చే అవకాశం ఎక్కువ. అమెరికా దక్షిణాది వాడుకలో ‘మీరంతా’ అనే అర్థమిచ్చే ‘యాల్’ (y'all) కనిపిస్తే దాన్ని ‘యూ’గా దిద్దకండి, బహువచనం పోతుంది. ఏకవచన ‘నువ్వు’ను రాబట్టడమే కష్టం. సూచనలు తీసుకునే చాట్ తరహా సేవ అయితే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, వాళ్ల చుట్టరికం ఏమిటో పైన రాసి, సన్నివేశం మొత్తం ఒకేసారి ఇవ్వండి. ఇక్కడ ఫలితం స్పష్టంగా మెరుగు.

తర్వాత దిద్దేటప్పుడు ‘నీ’ని గంపగుత్తగా ‘మీ’గా మార్చకండి. ‘నీరు’ కాస్తా ‘మీరు’ అవుతుంది. క్రియలు మారక ‘మీరు వస్తావు’ మిగులుతుంది. ఒక్కో వాక్యం చదివే దిద్దాలి. ఎవరినీ ఉద్దేశించని ‘యూ’ అయితే సర్వనామమే తీసేయండి: ‘మీరు ఇక్కడ పొగ తాగకూడదు’ కన్నా ‘ఇక్కడ పొగ తాగకూడదు’ మంచి తెలుగు.