చాట్‌లో చెప్పాలా, మెయిల్ పెట్టాలా, డాక్యుమెంట్ రాయాలా?

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఈ విషయం చాట్‌లో చెబితే సరిపోతుందా, మెయిల్ పెట్టాలా?" వాళ్ల బెంగంతా మర్యాద గురించే. మేనేజర్‌కి చాట్‌లో రాస్తే బాగుండదేమో, ఇంత చిన్నదానికి మెయిల్ పెడితే అతిగా ఉంటుందేమో అని టెన్షన్. నేను మర్యాద సంగతి పట్టించుకోను. ఆరు నెలల తర్వాత, ఈరోజు ఇక్కడ లేని మనిషికి ఈ విషయం అవసరం పడుతుందా? నేను చూసుకునేది అదొక్కటే.

దెబ్బ తిన్నాకే నాకీ అలవాటు వచ్చింది. పోయినేడాది మా టీమ్‌లోకి కొత్తగా వచ్చినతను, "అన్నా, రిక్వెస్ట్ ఫెయిలైతే మన సర్వీస్ మూడుసార్లే ఎందుకు ప్రయత్నిస్తుంది? ఐదు పెట్టొచ్చుగా?" అన్నాడు. మూడు అని ఖాయం చేసిన రోజు నేనూ ఉన్నాను. ఎందుకు మూడో మాత్రం గుర్తు లేదు. చాట్‌లో వెతికితే "సరే, మూడు చాలు" అన్న మెసేజ్ దొరికింది. దాని కింద నాలుగు థంబ్సప్‌లు, అందులో ఒకటి నాదే. చర్చంతా ఏదో కాల్‌లో జరిగిపోయింది. ఇంకేముంది, ఐదు చేశాం. రెండు రోజులకు, మేం ఆ రిక్వెస్ట్‌లు పంపే అవతలి సిస్టమ్ మమ్మల్ని బ్లాక్ చేసింది. నిమిషంలో ఒకే రిక్వెస్ట్ మూడుసార్లు దాటితే వాళ్లు ఆపేస్తారు. అందుకే అప్పట్లో మూడు పెట్టామని అప్పుడు గుర్తొచ్చింది.

చాట్‌తో నా పేచీ ఇదే. అందులో జవాబు మిగులుతుంది, కారణం మిగలదు. "అదే బెటర్", "నిన్న అనుకున్నట్టే చేద్దాం" లాంటి మాటలు రాసినప్పుడు అందరికీ అర్థమవుతాయి, ఎందుకంటే పైన ఇంకో పది మెసేజ్‌లు కనిపిస్తుంటాయి. వెతికితే ఆ ఒక్క ముక్కే ఒంటరిగా చేతికొస్తుంది. ఇద్దరి మధ్య ప్రైవేట్‌గా నడిచిన చాట్ అయితే మూడోవాడికి అదీ దొరకదు. స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్ ఉచిత ప్లాన్‌లోనైతే 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. సర్వర్ పడిపోయినప్పుడు, లింక్ కావాల్సినప్పుడు, పది నిమిషాలు ఆలస్యమవుతుందని చెప్పడానికి మాత్రం చాట్‌ను మించింది లేదు. ఒక్క విన్నపం: "హాయ్" అని పంపి ఎదురుచూడకండి, అడగాల్సింది ఆ మెసేజ్‌లోనే అడిగేయండి.

మెయిల్ కొంత నయం. కూర్చుని పూర్తి వాక్యాలు రాసేలా చేస్తుంది, సబ్జెక్ట్ లైన్ ఉంటుంది. ఆ లైన్‌లో "అప్‌డేట్" అని రాసి వదిలేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. "శుక్రవారంలోగా మీ ఆమోదం కావాలి: కొత్త సర్వర్ ఖర్చు" అని రాస్తే, తెరవకుండానే అవతలివాళ్లకు పని ఏంటో తెలుస్తుంది. బయటి సంస్థతో ఒప్పుకున్న విషయాలకు మెయిలే సరి, అందులో వాదన లేదు. ఇబ్బందల్లా అది మనుషుల ఇన్‌బాక్సుల్లో బతకడం. నిన్న చేరినవాడికి మొన్నటి మెయిల్ కనిపించదు. మధ్యలో ఒకరు "రిప్లై ఆల్" నొక్కడం మరిచిపోతే ఒక చర్చ రెండుగా చీలిపోతుంది, ఏ కొమ్మలో ఏం తేలిందో ఎవరికీ తెలియదు.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నాసా వాళ్ల అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గరకు చేరుతూనే పోయింది. థ్రస్టర్ల (నౌక దిశ సరిచేసే చిన్న ఇంజిన్ల) లెక్కలను ఒక పక్కవాళ్లు పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చారు, రెండో పక్కవాళ్లు వాటిని మెట్రిక్ కొలతైన న్యూటన్ సెకన్లు అనుకున్నారు. తేడా దాదాపు 4.45 రెట్లు. అంకెలు పొసగడం లేదని దారిలోనే కొందరికి అనుమానం వచ్చింది. కానీ సమస్యలను నమోదు చేసే పద్ధతి ఉండగా దాన్ని వదిలేసి మెయిళ్లతో తేల్చుకోబోయారని దర్యాప్తులో తేలింది. మెయిల్ వల్లే నౌక పోయిందనడం అన్యాయం, అసలు తప్పు యూనిట్లది. అయితే ఫలానా సమస్య ఇంకా తేలలేదని అందరి కళ్ల ముందూ నిలబెట్టే శక్తి మెయిల్‌కు లేదు.

నా ఓటు డాక్యుమెంట్‌కే అని ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. దాని లోపమూ అదే కథలో ఉంది. లెక్కలు మెట్రిక్‌లో ఉండాలని స్పెసిఫికేషన్‌లో రాసే ఉంది! రాసినంత మాత్రాన ఎవరూ చదవరు, చదివినా పాటించరు. పైగా డాక్యుమెంట్‌కు వయసు మీద పడుతుంది. తేదీ, బాధ్యుడి పేరు లేని పాత డాక్యుమెంట్‌ను నమ్మడం కన్నా అసలేమీ లేకపోవడమే మేలు. అప్పుడు కనీసం ఎవరినైనా అడుగుతాం.

డాక్యుమెంట్ అనగానే నలభై పేజీలు ఊహించుకుని భయపడతారు. అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్, అంటే నిర్ణయాల నమోదు) అనే పద్ధతి వాడతారు. మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించింది. ఒక నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు: శీర్షిక, ప్రస్తుత స్థితి, సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు. నిర్ణయం మారితే పాతది చెరపరు, దాని స్థానంలో కొత్తది వచ్చిందని గుర్తు పెడతారు. ఇది సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కావాల్సిన పనేం లేదు. వద్దనుకున్న దారులు, ఎందుకు వద్దనుకున్నామో కూడా నేను తప్పకుండా రాస్తాను. మళ్లీ అదే ఐడియాతో ఎవరో ఒకరు వస్తారు కదా. మా మూడు సంగతికైతే ఇంత చాలు: "మూడుసార్లే ప్రయత్నిస్తాం. నిమిషంలో మూడు దాటితే అవతలివాళ్లు బ్లాక్ చేస్తారు. వాళ్ల పరిమితి మారితే మళ్లీ చూడాలి." ఇది రాయడానికి రెండు నిమిషాలు పట్టేది. రాయనందుకు రెండు రోజులు పట్టింది.

మీటింగ్ మాటకొస్తే, మాటా మాటా పెరిగి మెయిళ్లు వేడెక్కుతున్నప్పుడు పెట్టుకోండి, తేలింది రాసుకుని లేవండి. వాయిస్ మెసేజ్‌ల గురించి నన్ను అడగకండి.

ఆ మూడు వాక్యాలను తర్వాత ఆ కొత్తతనే రాసిపెట్టాడు. కోడ్‌లో 3 అంకె పక్కనే దాని లింక్ ఉంది. మొన్న ఇంకొకామె అదే ప్రశ్న వేసింది, చాట్‌లో. అతను లింక్ పంపిందీ చాట్‌లోనే.