కాలమ్ వరసని కదపనివ్వని పోస్ట్‌గ్రెస్: ఏడేళ్లు వాడాక నా మాట

పర్లాకిమిడి దగ్గర ఒక రైస్ మిల్లు కాటా లెక్కలు ఏడేళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనే నడుపుతున్నాను. ధాన్యం సీజన్‌లో లారీలు బారులు తీరి ఉండగా కరెంటు పోయిన రోజులున్నాయి, అయినా ఎక్కించిన చీటీ ఒక్కటీ పోలేదు. ఆ విషయంలో దీన్ని కళ్లు మూసుకుని నమ్ముతాను. నా బాధంతా కాలమ్ వరసతోనే.

మొదట్లో టేబుల్‌ని కాటా చీటీ ఎలా ఉంటే అలాగే కట్టాను: లారీ నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, నికరం, బస్తాలు, ఇంకా బోలెడు. రెండో సీజన్‌కి తేమ శాతం కూడా కావాలన్నారు. అది నికరం పక్కన ఉండాలి, కానీ ఇక్కడ కొత్త కాలమ్ ఏదైనా చివరికే పోతుంది. గుమస్తా గారు టేబుల్‌ని నేరుగా తెరిచి చూసుకునే మనిషి. "బాబూ, ఈ తేమ ఎక్కడుందో ఎతుక్కోడానికే పొద్దు పోతంది" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

అసలు చిక్కు ఏంటంటే, కాలమ్‌కి లోపల అట్‌నమ్ అని ఒకటే నంబరు ఉంటుంది, దాని గుర్తింపూ అదే, డిస్క్ మీద వరసా అదే, అన్ని కాలమ్‌లూ చూపించమని సెలెక్ట్ స్టార్ కొడితే కళ్లకి కనిపించే వరసా అదే. మనిషికి కావలసిన వరస వేరు, డిస్క్‌కి కావలసింది వేరు. బూలియన్ అంటే అవును-కాదు చెప్పే ఒక బైటు కాలమ్, బిగ్‌ఇంట్ అంటే పెద్ద అంకె పట్టే 8 బైట్ల కాలమ్, అది 8 గుణిజం దగ్గరే మొదలవ్వాలి. వీటిని బూలియన్, బిగ్‌ఇంట్, బూలియన్, బిగ్‌ఇంట్ అని పెడితే ప్రతి బూలియన్ వెనకా 7 బైట్లు ఖాళీగా పోయి 32 బైట్లవుతుంది, పెద్దవి రెండూ ముందు పెడితే, చివర 8 గుణిజానికి సర్దినా 24తో సరిపోతుంది. రికార్డుకి 8 బైట్లే కదా అనిపిస్తుంది గానీ లక్షల చీటీల మీద అది బాగా కనిపిస్తుంది.

వరస మార్చాలంటే టేబుల్‌ని మళ్లీ కట్టాల్సిందే. నేనూ కట్టాను. కాటా నుంచి డేటా ఎక్కించే స్క్రిప్టులో కాలమ్ పేర్లు లేవు, విలువలు వరసగా ఉన్నాయంతే. కొత్త వరసకి తగ్గట్టు మారుస్తుంటే ఖాళీ, నికరం అటూ ఇటూ అయిపోయాయి. లోడు 15,200, ఖాళీ 5,900, నికరం 9,300 ఉండాల్సిన చోట చివరి రెండూ తారుమారు. రెండూ కిలోలే కాబట్టి ఎర్రర్ రాలేదు, రెండూ కలిపితే లోడు రావాలని నేను పెట్టిన చెక్ కూడా ఆపలేదు, ఎటు కలిపినా మొత్తం ఒకటే కదా. చీటీ పట్టుకుని కాటా దగ్గరే నిలబడిపోయిన ఒక రైతు వల్ల తెలిసింది. నికరం మీదే ఆయన డబ్బులు. ఆ రోజు నుంచి కాలమ్ పేర్లు రాయకుండా డేటా ఎక్కించే ఇన్సర్ట్ కమాండ్ ఒక్కటి కూడా రాయలేదు.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో, ఏ కాలమ్ తర్వాత రావాలో ‘ఆఫ్టర్’ అని రాస్తే చాలు, 8.0.29 నుంచి అయితే టేబుల్‌ని తిరగరాయకుండానే మధ్యలో చేరుతుంది. ఫైర్‌బర్డ్ అనే మరో డేటాబేస్‌లో కనిపించే వరసని ‘పొజిషన్’తో విడిగా మార్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో నాకు కావలసిందీ ఇంతే.

ప్రస్తుతానికి గుమస్తా గారికి ఒక వ్యూ, అంటే అదే టేబుల్‌ని వేరే వరసలో చూపించేది, కట్టి ఇచ్చాను, తేమ నికరం పక్కనే ఉంది. కానీ వ్యూని రీప్లేస్ చేసినా కొత్త కాలమ్ చివరికే చేరుతుంది, మధ్యలో కావాలంటే వ్యూని తీసేసి మళ్లీ కట్టాలి. ఆ హడావిడిలో పర్మిషన్లు తిరిగి ఇవ్వడం మర్చిపోయానంటే తెల్లారేసరికి కాటా దగ్గర నుంచి ఫోన్ వస్తుంది.