అడిగినదానికన్నా తక్కువ పని చేసిన మెకానిక్

చింత, వేప, తుమ్మ మొద్దులు కోయించి అడితికి తోలించడం నా వ్యాపారం. దగ్గరున్నది పాత స్టిల్ ఎంఎస్ 382 పెట్రోలు చైను రంపం, 72.2 సీసీ ఇంజను, 3.9 కిలోవాట్ల శక్తి. మామూలు చెట్లకు వంక పెట్టడానికి లేదు కానీ, ముదురు చింత మొదట్లో బారు, అంటే చైను తిరిగే పొడవాటి పట్టీ, నిండా దిగితే రొప్పేది. బలం పెంచమని విజయవాడ ఆటోనగర్‌లో టూ స్ట్రోక్ ఇంజన్లు మాత్రమే చూసే ఒక చిన్న షెడ్డులో ఇచ్చాను.

నేను అడిగింది పోర్టింగ్. అంటే సిలిండర్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే దారులను అరగదీసి పెద్దవి చేయడం. ఆయన ఒప్పుకోలేదు. "ఆ దారి మరీ వెడల్పయితే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బి విరుగుతుందండీ. ముందు పొగను తేలిగ్గా పోనిద్దాం, చాలకపోతే అప్పుడు చూద్దాం" అన్నాడు. డబ్బొచ్చే పనిని వద్దనే మెకానిక్కులు ఎంతమంది ఉంటారు?

సైలెన్సర్‌కు రెండో రంధ్రం తెరిచి, చిన్న గొట్టం వెల్డింగ్ చేసి, నిప్పురవ్వలు బయట పడకుండా జాలీ బిగించాడు. ఎండుటాకుల మధ్య పనిచేసేవాళ్లకు ఆ జాలీ తప్పనిసరి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డరింగ్ తీగ దూర్చి, ఇంజనును చేత్తో తిప్పి, నలిగిన కొసను కొలిచాడు. పిస్టన్ పైకొచ్చినప్పుడు సిలిండర్ కప్పుకూ దానికీ మిగిలే సందు అది. మిల్లీమీటరు దాటింది. సిలిండర్ కింది ప్యాకింగ్ తీసేసి సీలెంట్‌తో బిగించాక 0.6కు వచ్చింది. ఇంకా దించితే పిస్టన్ తగిలే భయం ఉందని అక్కడే ఆపాడు.

అసలు నేర్పంతా కార్బొరేటర్ దగ్గర చూశాను. సైలెన్సర్ తెరిచాక పెట్రోలు కూడా పెంచకపోతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాలే. దానికి మరికాస్త ఎక్కువ అందాలి. ఆయన పూర్తి వేగంలో పెట్రోలు ఎంత అందాలో నిర్ణయించే హెచ్ స్క్రూను కొద్దికొద్దిగా విప్పుతూ చెవి పెట్టి విన్నాడు. ఖాళీగా పూర్తి వేగంతో తిరిగేటప్పుడు శబ్దం కాస్త గరగరలాడాలి. కర్రలోకి దించగానే ఆ గరగర పోయి నున్నగా మారాలి. ఖాళీగా ఉండగానే సన్నగా కూసిందంటే పెట్రోలు చాలనట్టే. షెడ్డు వెనక పడి ఉన్న దుంగ మీద కోస్తూ, ఆపుతూ, మళ్లీ తిప్పుతూ కుదిర్చాడు.

ఇప్పుడు చింత మొదట్లో బారు నొక్కినా వేగం పడిపోవడం లేదు. అయితే ఈ మార్పు అంతా ఇంజనుదే అనలేను. నా చైను చూసి పెదవి విరిచి, పళ్లకు ముందుండే లోతు గేజీలను పళ్లకన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా రాకి ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు. మిగతా పనికి 3,500 రూపాయలు.

ఇక నచ్చనివి. చెప్పిన రోజుకు ఇవ్వలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు. స్క్రూలు ఎన్ని చుట్లు విప్పారో రాసిమ్మంటే నవ్వి ఊరుకున్నాడు. కార్బొరేటర్ శుభ్రం చేయించిన ప్రతిసారీ మళ్లీ ఆయన గడప తొక్కాల్సిందే. శబ్దం భరించరానిది, చెవులకు మఫ్‌లు లేకుండా పట్టుకోకూడదు. పెట్రోలూ ఎక్కువే తాగుతోంది. తాడు లాగడానికి మునుపటికన్నా బలం కావాలి.

సుబాబుల్, సరుగుడు కోసేవాళ్లకు ఈ ఖర్చు దండగ. వారంటీ ఉన్న కొత్త రంపాన్ని విప్పించకండి. లావు మొద్దులతో పని ఉండి, పాత రంపం ఉన్నవాళ్లు వెళ్లవచ్చు. 58 సీసీ అని చవగ్గా అమ్మే రంపాలను మాత్రం ఆయన ముట్టుకోడు. వాటిలో చాలావాటికి బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 45.2; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 34 మిల్లీమీటర్లు. లెక్క కడితే 54.6 సీసీయే. వెళ్లేటప్పుడు రోజూ వాడే బారు, చైను వెంట తీసుకెళ్లండి. వాటితో కోసి చూస్తేనే ట్యూనింగ్ సరిగ్గా కుదురుతుంది.