అమెరాయిడ్ రింగా, సెల్లోఫేన్ పట్టీనా?

యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ లాంటి చిన్న కుక్కల్లో పుట్టుకతోనే ఒక అడ్డదారి రక్తనాళం ఉండొచ్చు. పేగుల నుంచి వచ్చే రక్తం లివర్‌కు వెళ్లకుండా దాంట్లోంచి పక్కకు పోతుంది. అలాగని దాన్ని ఒక్కసారిగా కట్టేస్తే పోర్టల్ సిరలో (పేగుల రక్తాన్ని లివర్‌కు చేర్చే నాళం) ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ అడ్డదారి నాళం చుట్టూ రింగో పట్టీనో వేసి, దాన్ని మెల్లగా మూసే పద్ధతులు.

అమెరాయిడ్ రింగులో బయట స్టీలు, లోపల కేసిన్, అంటే పాలలో ఉండే ప్రోటీనే! అది ఒంట్లోని తేమ పీల్చుకుని లోపలికి ఉబ్బుతుంది, చుట్టూ మచ్చకణజాలం కూడా పెరుగుతుంది. కొన్ని వారాల్లో నాళం మూసుకుంటుంది. చిక్కల్లా బరువే: రింగు జారి నాళం మడతపడితే అనుకున్నదానికంటే ముందే మూసుకుపోతుంది.

సెల్లోఫేన్ పట్టీ తేలిక, చవక, చాలా చిన్న కుక్కపిల్లకూ సరిపోతుంది. కానీ ఇది పనిచేసేది వాపు, మచ్చకణజాలం వల్లే కాబట్టి ఎప్పుడు మూసుకుంటుందో చెప్పలేం. ఒక్కోసారి సగమే మూసుకుంటుంది.

నన్నడిగితే, నాళం చుట్టూ చోటుంటే రింగే. అయితే సర్జన్‌కు ఏది బాగా అలవాటో ముందు అడగండి. ఆపరేషన్ తర్వాత ఫిట్స్ టెన్షన్ మాత్రం రెండింటికీ ఉంది.