యాంటీక్ అని కొన్న ఎం39 రైఫిల్: తుపాకీకి 5/5, అమ్మినవాళ్లకు 3/5

పాత సైనిక తుపాకులు సేకరించేవాళ్లలో ఫిన్లాండ్ ఎం39 అంటే ప్రాణం పెట్టేవాళ్లు చాలామంది, నేనూ అంతే. అమెరికాలో ఒక ఆన్‌లైన్ షాపు "యాంటీక్, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి వెళ్లే పని లేదు, నేరుగా ఇంటికే పంపుతాం" అని పెట్టింది. తీరా చూస్తే ఫొటోలో బారెల్ మీద 1942 అని కొట్టి ఉంది, అక్కడే ఆగిపోయాను.

ఇక్కడి ఫెడరల్ చట్టంలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైతేనే యాంటీక్. కాకపోతే చట్టం లెక్కలో తుపాకీ అంటే రిసీవర్ (బారెల్ వెనక బిగించే, తూటా పేల్చే భాగాలు ఉండే ఇనుప చట్రం), బారెల్ కాదు. ఫిన్లాండ్ వాళ్లు మోసిన్ నాగాంట్ అనే రష్యన్ రైఫిళ్ల రిసీవర్లు తీసుకుని వాటికి కొత్త బారెల్, కొత్త చెక్క బిగించి ఎం39లు చేశారు, అందుకే రిసీవర్ 1898 లోపుదైతే బారెల్ మీద ఏ ఏడాది ఉన్నా అది యాంటీకే.

రిసీవర్ తయారైన ఏడాది ఉండేది దాని వెనక తోక అడుగున, చెక్క లోపల. దాని ఫొటో పంపమంటే "అష్టకోణం రిసీవర్ అండీ, అన్నీ పాతవే" అన్నారు. ఇది శుద్ధ తప్పు, ఆ ఆకారంలో 1930ల దాకా తయారయ్యాయి! పొరపాటున 1899ది వస్తే మామూలు తుపాకీ కింద లెక్క, డీలర్ లేకుండా వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకున్న నేరం నా నెత్తిన పడేది. నాలుగు మెయిళ్లు పెట్టాక గానీ ఫొటో రాలేదు, ఆ వారమంతా టెన్షనే. ఇంటికొచ్చాక బారెల్‌ని చెక్కకు పట్టి ఉంచే బ్యాండ్లు, రెండు స్క్రూలు విప్పి గట్టిపడిన గ్రీజు తుడిచి చూస్తే 1896. అప్పుడు ఊపిరి పీల్చుకున్నా.

తుపాకీ మాత్రం అద్భుతం. బర్చ్ చెక్క రెండు ముక్కల్ని వేళ్లలా ఒకదానిలో ఒకటి దూర్చి అతికించారు, ఆ అతుకు మీద గోరు పెట్టి లాగినా ఎక్కడా తగలదు.

తూటాలు ఇప్పటికీ దొరుకుతున్నాయిగా, యాంటీక్ ఎలా అవుతుందని చాలామంది అడుగుతారు. తూటాలు దొరక్కూడదన్న షరతు తర్వాత చేసిన నకళ్లకే, 1898 లోపు అసలు తుపాకులకు కాదు. అయితే దీని బారెల్‌ను మాత్రం 16 అంగుళాల కంటే తక్కువకు కోయకూడదు. ఎందుకంటే పొట్టి బారెల్ రైఫిళ్ల లాంటివాటిని అదుపు చేసే నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ అనే మరో ఫెడరల్ చట్టంలో యాంటీక్ నిర్వచనం వేరు, తూటా మార్కెట్లో దొరికితే అక్కడ మినహాయింపు పోతుంది. రాష్ట్రాల చట్టాలు ఇంకా వేరు, అవి కొనకముందే చూసుకోవాలి.

షాపువాళ్లు ప్యాకింగ్ బాగా చేశారు, డెలివరీ కూడా చెప్పిన రోజుకే వచ్చింది. కానీ ఆ తోక ఫొటో అడగకుండానే పెట్టి ఉండాల్సింది, అందుకే 2 మార్కులు కోశాను. నేను దీన్ని ఎప్పుడైనా అమ్మితే నా ప్రకటనలో మొదటి ఫొటో అదే.